రెండో బ్లాగు పెట్టేటప్పుడు సింగిల్ సైటా, మల్టీసైటా: ఎలా తేల్చుకోవాలి

ఒక బ్లాగు నడుస్తుంటుంది. ఇంకో విషయం మీద కూడా రాయాలనిపిస్తుంది. లేదా స్నేహితులు మాకూ ఒకటి పెట్టివ్వమంటారు, పనిచేసే సంస్థలో ఒక్కో విభాగానికి ఒక్కో బ్లాగు కావాలంటారు. అప్పుడు వెతకడం మొదలుపెడితే వెంటనే ఎదురయ్యే మాట మల్టీసైట్. ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఎన్ని బ్లాగులైనా పెట్టుకోవచ్చని చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. బ్లాగుకో ఇన్‌స్టలేషన్ చొప్పున విడివిడిగా పెట్టుకోవడం సింగిల్ సైట్ పద్ధతి.

అయితే నేను గమనించినంతలో మల్టీసైట్ పెట్టడానికి ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువ. అందులోంచి ఒక సైటుని బయటికి తీయాల్సి వచ్చి తల పట్టుకున్నవాళ్లు ఎక్కువ. కాబట్టి ఈ నిర్ణయం తీసుకునేటప్పుడు పెట్టడం ఎంత సులువో చూడకండి, విడదీయాల్సి వస్తే ఎంత కష్టమో చూడండి. కింద చెప్పే మెట్లన్నీ ఆ లెక్కలోనే సాగుతాయి. రెండు పద్ధతులూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి కాబట్టి ఎక్కువగా వర్డ్‌ప్రెస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను.

మొదటి మెట్టు: రెండో సైటు అసలు కావాలా?

చాలామందికి ఉన్న సైట్లోనే ఇంకో విభాగం పెట్టుకుంటే సరిపోతుంది. ఫొటోగ్రఫీ మీద రాసేవాళ్లకి పుస్తకాల మీద కూడా రాయాలనిపించిందనుకోండి. దానికి ఒక కేటగిరీ చాలు. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి కేటగిరీకీ సొంత పేజీ, సొంత చిరునామా ఉంటాయి. ఆ చిరునామా చివర ఫీడ్ అనే మాట చేరిస్తే ఆ విభాగం టపాలు మాత్రమే వచ్చే ఫీడ్ (కొత్త టపాలని పాఠకుడి రీడర్ యాప్‌కి చేరవేసే జాబితా) కూడా దొరుకుతుంది. అంటే మీ పుస్తకాల టపాలు మాత్రమే కావాలనుకునే పాఠకుడికి ఫొటోల గొడవ ఉండదు.

రాసేవాళ్లు ఎక్కువైనా ఇంతే. కంట్రిబ్యూటర్‌గా చేర్చిన మనిషి రాయగలరు గానీ ప్రచురించలేరు. ఆథర్ తన టపాలు తానే ప్రచురించుకుంటారు. ఎడిటర్ అందరి టపాలూ దిద్దగలరు. ఒక్కో రచయితకి విడిగా పేజీ ఎలాగూ వస్తుంది. ఇవన్నీ ఉండగా మనిషికో సైటు ఎందుకు?

రెండో భాషలో రాయడానికి కూడా చాలామంది వెంటనే రెండో సైటు వైపు వెళ్తారు. పాలీలాంగ్, డబ్ల్యూపీఎంఎల్ లాంటి ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు) ఒక్క సైట్లోనే రెండు భాషలనూ నడిపిస్తాయి. మల్టీలింగ్వల్‌ప్రెస్ మాత్రం భాషకో సైటు చొప్పున మల్టీసైట్ మీద పనిచేస్తుంది. టపాలన్నీ రెండు భాషల్లోనూ వస్తాయంటే మొదటి దారి పట్టండి. ఒక్కో భాషకి వేరే బృందం ఉండి, ఎవరి టపాలు వాళ్లు రాసుకునేలా ఉంటే రెండో దారి గురించి ఆలోచించవచ్చు.

బ్లాగు పేరు వేరు, రూపం వేరు, చదివేవాళ్లు వేరు అని మూడిటికీ గట్టిగా అవుననగలిగితేనే రెండో మెట్టుకి రండి.

రెండో మెట్టు: మల్టీసైట్ లోపల ఏముంటుందో చూడండి

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. పలు బ్లాగులు నడపడానికి వర్డ్‌ప్రెస్ ఎంయూ అని చాలాకాలం వేరే సాఫ్ట్‌వేర్ ఉండేది. 2010లో వచ్చిన 3.0 వెర్షన్‌తో దాన్ని అసలు వర్డ్‌ప్రెస్‌లో కలిపేశారు. అప్పటినుంచి ప్రతి వర్డ్‌ప్రెస్‌లోనూ మల్టీసైట్ నిద్రాణంగా ఉంటుంది, మీరు లేపితే లేస్తుంది. వర్డ్‌ప్రెస్.కామ్ లాంటి పెద్ద సేవ, విద్యాసంస్థలకి బ్లాగులిచ్చే ఎడ్యుబ్లాగ్స్ ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

ఒక మల్టీసైట్ డేటాబేస్‌ని పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (డేటాబేస్ లోపల ఏముందో చూపించే పనిముట్టు) తెరిచి చూస్తే విషయం ఇట్టే అర్థమవుతుంది. మొదటి సైటు టపాలు డబ్ల్యూపీ_పోస్ట్స్ అనే టేబుల్లో ఉంటాయి. రెండో సైటువి డబ్ల్యూపీ_2_పోస్ట్స్‌లో, మూడోదానివి డబ్ల్యూపీ_3_పోస్ట్స్‌లో. టపాలు, వ్యాఖ్యలు, సెట్టింగులు, కేటగిరీలు అన్నీ కలిపి ప్రతి కొత్త సైటుకీ ఇలా పది టేబుళ్లు పుడతాయి. ప్లగిన్లు పెట్టుకునేవి దీనికి అదనం. ఫొటోలు కూడా అంతే, అప్‌లోడ్స్ ఫోల్డర్లో సైట్స్ అని ఒకటి, దాని లోపల 2, 3 అంటూ ఒక్కో సైటుకి ఒక్కో ఫోల్డరు.

ఇప్పుడు యూజర్ల టేబుల్ కోసం వెతకండి. ఒక్కటే ఉంటుంది. నెట్‌వర్క్ మొత్తానికీ, అంటే ఆ మల్టీసైట్‌లోని సైట్లన్నిటికీ అదే. మొదటి సైట్లో చేరిన మనిషి రెండో సైట్లో కొత్తగా ఖాతా తెరవక్కర్లేదు, అదే పేరు, అదే పాస్‌వర్డ్. సైటు రూపాన్ని నిర్ణయించే థీములు, ప్లగిన్లు, వర్డ్‌ప్రెస్ ఫైళ్లు కూడా అన్నిటికీ కలిపి ఒక్కటే సెట్టు.

అంటే ఇది ఉమ్మడి కాపురం. ఎవరి గదులు వాళ్లవే, వంటిల్లు మాత్రం ఒక్కటే. మంచీ చెడ్డా రెండూ అక్కడినుంచే వస్తాయి. వర్డ్‌ప్రెస్‌ని ఒకసారి అప్‌డేట్ చేస్తే సైట్లన్నిటికీ అయిపోతుంది, ఆ తర్వాత నెట్‌వర్క్ అడ్మిన్‌లో అప్‌గ్రేడ్ నెట్‌వర్క్ నొక్కితే డేటాబేస్ మార్పులు కూడా అన్ని సైట్లకీ వరసగా జరుగుతాయి. అదే అప్‌డేట్‌లో ఒక ప్లగిన్ తేడా కొడితే దాన్ని వాడే సైట్లన్నీ ఒకేసారి పడిపోతాయి.

మూడో మెట్టు: ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు రాసుకోండి

మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద రాయండి. ఇది తొందరపడాల్సిన చోటు కాదు.

సైట్లకి యజమాని ఎవరు? అన్నీ మీవే అయితే, లేదా అన్నీ ఒకే సంస్థవైతే మల్టీసైట్‌కి అడ్డేమీ లేదు. స్నేహితులవి, క్లయింట్లవి అయితే గట్టిగా ఆలోచించాలి. రేపు వాళ్లు వేరే చోటికి వెళ్తామంటే వాళ్ల సైటుని మీ డేటాబేస్‌లోంచి కోసి ఇవ్వాల్సింది మీరే. డబ్బు తీసుకుని సైట్లు చేసిపెట్టేవాళ్లకి నా సలహా ఒక్కటే: ఒక్కో క్లయింటుకి ఒక్కో సింగిల్ సైటు పెట్టండి. ఒక క్లయింటు పొరపాటు ఇంకో క్లయింటు సైటుని పడగొట్టే పరిస్థితి రానివ్వకూడదు.

సైట్లు ఎంతవరకు ఒకే పోలికలో ఉన్నాయి? ఒకే థీము, అవే ఐదారు ప్లగిన్లు, పేరూ రంగూ మాత్రం వేరు అన్నప్పుడు మల్టీసైట్ నిజంగా సుఖం. కళాశాలలో విభాగానికో బ్లాగు, పత్రికలో ఊరికో పేజీ, స్వచ్ఛంద సంస్థలో శాఖకో సైటు, ఇవి దానికి సరిగ్గా అతికే పనులు. అలాకాకుండా ఒకటి మామూలు బ్లాగు, ఇంకోటి ఆన్‌లైన్ దుకాణం, మరోటి సభ్యులకి మాత్రమే కనిపించే సైటు అయితే కలపకండి. దుకాణానికి కావాల్సిన బరువైన ప్లగిన్లు, వాటి అప్‌డేట్ల టెన్షన్ పక్కనున్న బ్లాగుకి అనవసరంగా అంటుకుంటాయి. డబ్బులిచ్చి కొనే ప్లగిన్లలో చాలావాటి లైసెన్సు సైట్ల లెక్కన ఉంటుందని, మల్టీసైట్‌లోని ఒక్కో సైటునీ విడిగా లెక్కేసేవి ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. కొనేముందు లైసెన్సు పేజీలో ఆ మాట వెతకండి.

సైటు నడిపేవాళ్లకి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి? చాలామంది పట్టించుకోని ప్రశ్న ఇది. సింగిల్ సైట్లో అడ్మిన్ అంటే సర్వాధికారి. మల్టీసైట్‌లో ఆయన పైన సూపర్ అడ్మిన్ ఉంటారు. సైటు అడ్మిన్ కొత్త ప్లగిన్ గానీ థీమ్ గానీ ఇన్‌స్టాల్ చేయలేరు. సూపర్ అడ్మిన్ అనుమతించిన థీముల్లోంచే ఎంచుకోవాలి. ఇంకో చిన్న సంగతి చూడండి: సైటు అడ్మిన్ ఎక్కడో తయారుచేసుకున్న ఫారం కోడ్‌ని తెచ్చి టపాలో అతికిస్తారు, సేవ్ చేస్తారు, పేజీ తెరిచి చూస్తే ఆ కోడ్ ఉండదు. ఎర్రర్ కూడా రాదు. మల్టీసైట్‌లో స్క్రిప్టు, ఐఫ్రేమ్ లాంటి కోడ్‌ని వడకట్టకుండా వదిలే హక్కు సూపర్ అడ్మిన్‌కి మాత్రమే ఉండటం దానికి కారణం. ఒక్కరి పొరపాటు నెట్‌వర్క్ మొత్తానికీ ప్రమాదం కాకుండా పెట్టిన కట్టడి అది, సమంజసమే. కానీ మీ బ్లాగర్లు రోజూ అలాంటి కోడ్ పెట్టేవాళ్లయితే, ప్రతిసారీ ఫోన్ మీకే వస్తుంది.

వీటిలో ఏదైనా ఒక సైటు రెండు మూడేళ్లలో విడిపోయే అవకాశం ఉందా? అమ్మేయొచ్చు, వేరే బృందానికి అప్పగించవచ్చు, బాగా పెరిగి సొంత సర్వర్ అడగవచ్చు. ఉందనిపిస్తే ఆ ఒక్కదాన్ని ఇప్పుడే సింగిల్‌గా పెట్టి, మిగతావి మల్టీసైట్‌లో ఉంచండి. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.

నాలుగు జవాబులూ మల్టీసైట్ వైపు మొగ్గితేనే దాన్ని ఎంచుకోండి. ఒక్కటి అటూ ఇటూగా ఉన్నా నేనైతే సింగిల్ సైటే పెడతాను. సింగిల్ సైట్లు నాలుగున్నా తర్వాత కలుపుకోవచ్చు, కలిసిపోయినవాటిని విడదీయడమే అసలు పని.

సింగిల్ అని తేలితే

పలు సింగిల్ సైట్లు నడపడం మీద ఒకప్పుడున్న పెద్ద ఫిర్యాదు అప్‌డేట్లు. పది సైట్లుంటే పదిసార్లు లాగిన్ కావాలి, పదిసార్లు నొక్కాలి. ఆ బాధ ఇప్పుడు బాగా తగ్గింది. 2013లో వచ్చిన 3.7 నుంచి చిన్న భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడుతున్నాయి. 2020లో వచ్చిన 5.5 నుంచి ప్లగిన్లకీ థీములకీ ఆటో అప్‌డేట్‌ని డ్యాష్‌బోర్డులోనే ఆన్ చేసుకోవచ్చు. అప్‌డేట్ ఒక్కసారే చేస్తే చాలు అన్న ఒక్క కారణంతో మల్టీసైట్‌కి వెళ్లాలనుకుంటుంటే ఈ సంగతి మరోసారి ఆలోచించండి.

సైట్లన్నీ ఒకే తెర మీద చూసుకోవాలంటే మెయిన్‌డబ్ల్యూపీ ఉంది. దాన్ని మీ సొంత హోస్టింగ్‌లోనే పెట్టుకోవచ్చు. కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి పని చేయించడం) అలవాటున్నవాళ్లకి డబ్ల్యూపీ-సీఎల్ఐ ఇంకా హాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పది సింగిల్ సైట్లనీ ఒకే హోస్టింగ్ ఖాతాలో, పక్కపక్క ఫోల్డర్లలో పెట్టేస్తే అవి పేరుకే విడివి. ఒక సైట్లో పాతబడిన ప్లగిన్ ద్వారా మాల్‌వేర్ దూరితే, ఫైళ్లన్నీ ఒకే సిస్టమ్ యూజర్ కింద ఉంటాయి కాబట్టి పక్క ఫోల్డర్లలోకి తేలిగ్గా పాకుతుంది. ఒకదాన్ని శుభ్రం చేసేలోపు పక్కదాంట్లోంచి మళ్లీ వస్తుంది. వీలైతే సైటుకో యూజర్, సైటుకో డేటాబేస్, డేటాబేస్‌కో పాస్‌వర్డ్ పెట్టండి.

మల్టీసైట్ అని తేలితే: ముందుగా చిరునామా పద్ధతి

కొత్త సైట్ల చిరునామాలు రెండు రకాలుగా ఉండొచ్చు. ప్రధాన డొమైన్ తర్వాత ఏటవాలు గీత (/) పెట్టి సైటు పేరు రావడం సబ్‌డైరెక్టరీ పద్ధతి. డొమైన్‌కి ముందు పేరు రావడం సబ్‌డొమైన్ పద్ధతి. తర్వాత మార్చడం చాలా తలనొప్పి, కాబట్టి ఇప్పుడే తేల్చుకోండి.

మీ వర్డ్‌ప్రెస్ నెల దాటిన పాతదైతే సబ్‌డైరెక్టరీ ఎంపిక మీకు కనిపించదు. ఉన్న పేజీల చిరునామాలతో కొత్త సైట్ల పేర్లు ఢీకొంటాయని దాన్ని మూసేశారు. సొంత కంప్యూటర్‌లో లోకల్‌హోస్ట్ మీద ప్రయత్నిస్తుంటే దీనికి తలకిందులు, అక్కడ సబ్‌డైరెక్టరీయే గతి. ఇంకోటి, సబ్‌డైరెక్టరీ నెట్‌వర్క్‌లో ప్రధాన సైటు టపాల చిరునామాల్లో బ్లాగ్ అనే ముక్క వచ్చి చేరుతుంది.

సబ్‌డొమైన్ పద్ధతికి హోస్టింగ్ సహకరించాలి. ఏ పేరుతో వచ్చినా మీ సర్వర్‌కే చేరేలా డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరుని సర్వర్‌తో ముడిపెట్టే వ్యవస్థ) నక్షత్రం గుర్తుతో వైల్డ్‌కార్డ్ రికార్డు పెట్టాలి. హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) కోసం సర్టిఫికెట్ కూడా వైల్డ్‌కార్డ్‌దే అయితే సుఖం. సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2018 నుంచి వీటిని ఉచితంగా ఇస్తోంది, కాకపోతే డీఎన్ఎస్ రికార్డు ద్వారా డొమైన్ మీదేనని నిరూపిస్తేనే ఇస్తుంది. అంటే దాన్ని ఆటోమేటిక్‌గా రెన్యూ చేయాలంటే మీ డీఎన్ఎస్ సేవకి ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా మార్పులు చేసుకునే సదుపాయం) ఉండాలి. హోస్టింగ్ కొనేముందే సపోర్ట్‌వాళ్లని సూటిగా అడగండి: వైల్డ్‌కార్డ్ సబ్‌డొమైన్ ఇస్తారా, దానికి సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అవుతుందా? జవాబు నీళ్లు నములుతున్నట్టుంటే ఇంకో చోట చూసుకోండి.

ఒక్కో సైటుకి పూర్తిగా సొంత డొమైన్ కావాలన్నా కుదురుతుంది. 2016లో వచ్చిన 4.5 నుంచి దీనికి వేరే ప్లగిన్ అక్కర్లేదు. డొమైన్‌ని సర్వర్ వైపు తిప్పి, నెట్‌వర్క్ అడ్మిన్‌లో ఆ సైటు చిరునామా మార్చితే చాలు. విడిపోయే ఛాన్స్ రవ్వంత ఉన్న సైటుకైనా మొదటి రోజే సొంత డొమైన్ ఇచ్చేయండి. ఎందుకో చివరి మెట్టులో తెలుస్తుంది.

ఆన్ చేయడం

దీన్ని ముందు పరీక్ష కోసం పెట్టిన కాపీ మీదే చేయండి. ఫైళ్లూ డేటాబేసూ బ్యాకప్ తీసి, ప్లగిన్లన్నీ డీయాక్టివేట్ చేయండి. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలు తెరిచి, ఇక ఎడిటింగ్ ఆపండి అని రాసి ఉన్న వరుసకి పైన, డబ్ల్యూపీ_అలో_మల్టీసైట్ అనే పేరుకి ట్రూ విలువ ఇస్తూ ఒక వరుస చేర్చండి. సేవ్ చేసి డ్యాష్‌బోర్డ్‌ని రీఫ్రెష్ చేస్తే టూల్స్ మెనూలో నెట్‌వర్క్ సెటప్ కనిపిస్తుంది. అక్కడ చిరునామా పద్ధతి ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కితే రెండు కోడ్ ముక్కలు చూపిస్తుంది. ఒకటి అదే కాన్ఫిగ్ ఫైల్లోకి, రెండోది హెచ్‌టీయాక్సెస్ (చిరునామాల నియమాలు ఉండే సర్వర్ ఫైలు) ఫైల్లోకి. హెచ్‌టీయాక్సెస్‌లో పాత వర్డ్‌ప్రెస్ నియమాలని తీసేసి వాటి స్థానంలో కొత్తవి పెట్టండి, రెండూ కలిపి ఉంచితే లింకులు తెరుచుకోవు. మీ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇంజినెక్స్ అయితే హెచ్‌టీయాక్సెస్ పనిచేయదు, ఆ నియమాలని సర్వర్ కాన్ఫిగరేషన్లోనే రాయాలి. మళ్లీ లాగిన్ అయితే పైన మై సైట్స్ మెనూ వస్తుంది.

ఆన్ చేసిన గంటలోపే నెట్‌వర్క్ సెట్టింగ్స్ పేజీ పైనుంచి కిందదాకా చూడండి. ఎవరైనా వచ్చి సొంతంగా సైటు తెరుచుకునే వీలు మొదట్లో మూసే ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. తెరిచిపెడితే స్పామ్ బ్లాగులు పుట్టగొడుగుల్లా వస్తాయి. ఒక్క ఫైలు 1500 కేబీ మించకూడదన్న పరిమితి కూడా మొదటినుంచే ఉంటుంది. ఇప్పటి ఫోన్ ఫొటోలకి అది సరిపోదు, పెంచండి. ప్లగిన్లని నెట్‌వర్క్ యాక్టివేట్ చేసేముందు అది నిజంగా ప్రతి సైటుకీ అవసరమా అని ఆలోచించండి, లేకపోతే కావాల్సిన సైట్లోనే యాక్టివేట్ చేయండి. సూపర్ అడ్మిన్లు ఇద్దరికి మించి ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్కరే ఉండటం కూడా మంచిది కాదు, ఆ ఒక్కరూ అందుబాటులో లేని రోజు అన్ని సైట్ల పనులూ ఆగిపోతాయి.

వేరే సాఫ్ట్‌వేర్‌ల సంగతి

2013లో వచ్చిన ఘోస్ట్ ఒక ఇన్‌స్టలేషన్‌కి ఒక ప్రచురణ అన్న పద్ధతిలో ఉంటుంది. రెండో బ్లాగు కావాలంటే రెండో ఘోస్ట్ పెట్టుకోవాల్సిందే. డ్రూపల్ మల్టీసైట్‌లో కోడ్ ఉమ్మడిగా ఉన్నా మామూలుగా సైటుకో డేటాబేస్ పెడతారు, కాబట్టి విడదీయడం వర్డ్‌ప్రెస్ కంటే తేలిక. హ్యూగో లాంటి స్టాటిక్ సైట్ జనరేటర్లు (డేటాబేస్ లేకుండా ఫైళ్లనుంచి పేజీలు తయారుచేసేవి) వాడేవాళ్లకి ఈ సమస్యే పెద్దగా ఉండదు. సైటుకో ఫోల్డరు, కావాలంటే అన్నిటికీ ఒకే థీము, విడదీయాలంటే ఫోల్డరు కాపీ చేసి ఇస్తే అయిపోయింది. ఒక్కరే రాసుకునే బ్లాగులకి నేను దీన్నే ముందు చూడమంటాను, ఆదేశాలు టైపు చేయడం భయం కాకపోతే.

చివరి మెట్టు: విడదీయడం రిహార్సల్ చేయండి

పరీక్ష నెట్‌వర్క్‌లో రెండో సైటు తెరిచి, కొన్ని టపాలు, ఫొటోలు, ఇద్దరు యూజర్లని పెట్టండి. ఇప్పుడు దాన్ని సింగిల్ సైటుగా బయటికి తీయండి. అసలు నెట్‌వర్క్ మొదలుపెట్టకముందే ఈ పని చేయాలి.

తేలిక దారి టూల్స్‌లోని ఎక్స్‌పోర్ట్. టపాలు, పేజీలు, వ్యాఖ్యలు, కేటగిరీలు ఒక ఫైల్లో వస్తాయి. సెట్టింగులు, విడ్జెట్లు, చాలా ప్లగిన్ల డేటా రావు. ఫొటోలు కూడా ఆ ఫైల్లో ఉండవు, కొత్త సైటు వాటిని పాత సైటునుంచి దించుకుంటుంది కాబట్టి అప్పటిదాకా పాతది నడుస్తూనే ఉండాలి. చిన్న బ్లాగుకి ఇది చాలు.

పెద్దదైతే టేబుళ్లే తరలించాలి. 2 అంకె ఉన్న టేబుళ్లన్నీ తీసుకుని, పేర్లలోంచి ఆ అంకె తీసేయాలి. యూజర్ల టేబుల్లోంచి ఆ సైటుకి సంబంధించినవాళ్లని మాత్రమే ఏరి తీసుకోవాలి. అందరినీ ఇచ్చేస్తే పక్క సైట్లవాళ్ల ఈమెయిళ్లు కూడా బయటికి పోయినట్టే. యూజర్ మెటాలో డబ్ల్యూపీ_2_కేపబిలిటీస్ అని ఉన్నచోట కూడా, ఆప్షన్స్ టేబుల్లో డబ్ల్యూపీ_2_యూజర్_రోల్స్ అని ఉన్నచోట కూడా అంకె తీయాలి. ఈ ఒక్కటి మర్చిపోతే లాగిన్ అవుతారు గానీ డ్యాష్‌బోర్డులోకి రానివ్వదు. తర్వాత టపాల్లోని ఫొటో లింకుల్లో సైట్స్, 2 అనే ఫోల్డర్ల దారిని మార్చాలి. దీన్ని టెక్స్ట్ ఎడిటర్లో మార్చకండి. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులని అక్షరాల లెక్కతో కలిపి దాస్తుంది, లెక్క తప్పితే ఆ సెట్టింగే పోతుంది. డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ ఆ లెక్కని తనే సరిచేస్తుంది.

ఆఖరున చిరునామా. సైటు మీ డొమైన్ కింద సబ్‌డైరెక్టరీగా ఉండి ఉంటే, ప్రతి పాత లింకునీ కొత్త చోటికి 301 రీడైరెక్ట్‌తో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే దారి మళ్లింపు) పంపాలి, ఆ రీడైరెక్ట్‌ని ఏళ్ల తరబడి మీరే మోయాలి. మొదటినుంచీ సొంత డొమైన్ ఉంటే డీఎన్ఎస్ మార్చితే సరి, పాఠకుడికి తేడా తెలియదు. ముందురోజే టీటీఎల్ (పాత డీఎన్ఎస్ సమాచారాన్ని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) విలువ తగ్గించి పెట్టుకుంటే మార్పు త్వరగా అందుకుంటుంది. కొత్త చోట అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక కూడా పాత నెట్‌వర్క్‌లో ఆ సైటుని వెంటనే డిలీట్ చేయకండి, ఆర్కైవ్ చేసి కొన్ని వారాలు ఉంచండి. డిలీట్ నొక్కితే దాని టేబుళ్లతోపాటు అప్‌లోడ్ చేసిన ఫొటోలు కూడా పోతాయి.